ఏ అడవికి ఏ పుస్తకం?

బోడుప్పల్‌లో ఓ ఇల్లు. ఇంటాయన ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియాలో మ్యాపుల పని చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లపాటు దేశంలోని వాగులూ వంకలూ కాగితం మీద పెట్టారు కానీ, దేశం దాటింది మాత్రం లేదు. ఆ ముచ్చట తీరే రోజు రానే వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు ఆగస్టు పదిహేను సెలవుకి అటూ ఇటూ మరో నాలుగు రోజులు కలిపి, ముగ్గురికీ శ్రీలంక టికెట్లు తీసేసింది.

‘‘నాన్నా, నీలి తిమింగలాన్ని చూడాలని ఎప్పట్నుంచో అంటున్నావుగా... మిరిస్సా వెళ్దాం’’ అంది ఫోన్లో.

‘‘మరి ఏనుగులో?’’ పక్కనుంచి తల్లి అడిగింది. ఆవిడ కోరిక అదొక్కటే.

ఆ ఆదివారమే ఆయన ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికి శ్రీలంక టూరిస్టు గైడ్ ఒకటి పట్టుకొచ్చారు. అట్ట మీద తిమింగలం తోక. లోపల మిరిస్సా గురించి అర పేజీ... బోటు తెల్లవారుజామునే బయల్దేరుతుందనీ, తినడానికి ఏదైనా పెట్టుకోమనీ. అంతా బాగానే ఉంది. రోజూ పొద్దున్నే తనతోపాటు ఉప్పల్ నల్లచెరువు గట్టుకు పిట్టల్ని చూడ్డానికి వచ్చే స్నేహితుడికి ఆ పుస్తకం చూపించారు. ఆయన రెండు పేజీలు తిప్పి, ‘‘ఇందులో ఏ నెలలో వెళ్లాలో లేదేంటి సార్?’’ అన్నాడు. సాయంత్రం తన దగ్గరున్న మరో పుస్తకం తెచ్చిచ్చాడు. అది హోటళ్ల పుస్తకం కాదు, శ్రీలంక జంతువుల పుస్తకం. అందులో నెలలవారీ పట్టిక ఉంది. మిరిస్సాలో తిమింగలాల గళ్లు డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకే. ఆగస్టు గడి ఖాళీ!

నైరుతి రుతుపవనాలు మనకన్నా ముందు తగిలేది శ్రీలంక నైరుతి తీరాన్నే. మే నుంచి సెప్టెంబరు దాకా అటువైపు సముద్రం పోటు మీద ఉంటుంది. మిరిస్సా బోట్లు చాలావరకు ఒడ్డునే ఉండిపోతాయి. టికెట్లేమో వెనక్కిస్తే డబ్బులు రానివి. పింఛను డబ్బుల్లోంచి కూడబెట్టిన సొమ్ము. కింద తేదీ చూడకుండా ఏ మ్యాపునూ నమ్మని మనిషి, ఓ తోక బొమ్మ చూసి మోసపోయానే అని ఆ రాత్రంతా మథనపడ్డారు.

పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని అదే పట్టిక చూస్తున్న భార్య పిలిచింది. ‘‘ఏమండీ, ఆగస్టు గడిలో ఏనుగుంది చూడండి!’’

నిజమే, ఉంది. మిన్నేరియా. మూడో శతాబ్దంలో మహాసేన మహారాజు కట్టించిన చెరువు అది. వేసవి ముదిరేకొద్దీ, అంటే అక్కడి లెక్కలో జులై నుంచి అక్టోబరు వరకు, నీళ్లు వెనక్కి తగ్గి చెరువు గర్భంలో పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవుల్లో మేత తగ్గిపోయిన ఏనుగులన్నీ సాయంత్రమయ్యేసరికి అక్కడికి చేరతాయి. మంచి ఏడాదిలో వందల్లో కనిపిస్తాయి. ఆసియా ఏనుగులు అన్ని ఒక్కచోట చేరడం మరెక్కడా అంత తేలిగ్గా చూడలేం. మిరిస్సాకు పనికిరాని ఆగస్టు, మిన్నేరియాకు మేలైన నెల. ఇంకేముంది... దక్షిణానికి వెళ్లాల్సిన ప్రయాణం ఉత్తరానికి తిరిగింది. మార్చింది ఏమిటంటే, పన్నెండు గళ్ల పట్టిక ఒకటి!

పేరు చెప్పేదొకటి, దారి చూపేదొకటి

విదేశాల్లో పక్షుల్నీ జంతువుల్నీ చూడాలనుకునేవాళ్లు చాలామంది పుస్తకాల షాపులో తడబడేది ఇక్కడే. ‘వైల్డ్‌లైఫ్’ అని ఉన్న పుస్తకాలన్నీ ఒకటే అనుకుంటారు. కాదు. కొన్ని పేరు చెప్పే పుస్తకాలు. కళ్లెదుట ఉన్న పిట్ట ఏమిటో బొమ్మలతో పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి. వీటినే ఫీల్డ్ గైడ్లు అంటారు. మరికొన్ని దారి చూపే పుస్తకాలు. ఏ అడవికి, ఏ నెలలో, ఏ గేటు నుంచి, పొద్దునా సాయంత్రమా... అవి చెబుతాయి. ఈ రెండూ కాని మూడో రకం మామూలు టూరిస్టు గైడు. హోటలూ బస్సూ దొరకాలంటే అదీ కావాలి. కానీ అందులో అడవుల గురించి ఉండేది మొదట్లో నాలుగు పేజీలే.

దారి చూపే పుస్తకాలకు మంచి చరిత్రే ఉంది. నైజెల్ వీట్లీ 1990ల్లో దక్షిణ అమెరికా, ఆసియా, ఆఫ్రికా ఖండాలకు ‘వేర్ టు వాచ్ బర్డ్స్’ పేరుతో పుస్తకాలు రాశాడు. ఖండమంతా ఒక్క పుస్తకంలో కాబట్టి ఒక్కో చోటుకి దక్కేది తక్కువే. కానీ ఏ దేశం వెళ్లాలో ఇంకా తేల్చుకోనివాళ్లకు అంతకన్నా కావాల్సింది లేదు. 2000ల మొదట్లో లోన్లీ ప్లానెట్ సంస్థ ‘వాచింగ్ వైల్డ్‌లైఫ్’ పేరుతో తూర్పు ఆఫ్రికా, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలకు ప్రత్యేకంగా పుస్తకాలు వేసింది. పిల్లలున్న ఇంటికి ఇవి బాగా నప్పుతాయి. ఇప్పుడు పాత పుస్తకాల షాపుల్లో వెతకాల్సిందే. శ్రీలంకకైతే గెహాన్ డిసిల్వా విజేరత్నె రాసిన ‘శ్రీలంకన్ వైల్డ్‌లైఫ్’ను బ్రాట్ సంస్థ 2007లో తెచ్చింది.

రెండిట్లో ఒక్కటే కొనగలిగితే ఏది? అనుభవమున్న పక్షి ప్రేమికులు పేరు చెప్పే పుస్తకమే అంటారు. మొదటిసారి వెళ్లే కుటుంబానికి మాత్రం దారి చూపే పుస్తకమే ముందు. ఫొటో తీసుకుంటే ఆ పిట్ట పేరు ఇంటికొచ్చాకైనా తెలుసుకోవచ్చు. తప్పు నెలలో తప్పు చోటికి వెళితే పేరు పెట్టడానికి ఎదురుగా ఏమీ ఉండదు మరి!

ఇంట్లో ఉన్నదే సరిపోతుందేమో

కొత్త పుస్తకం కొనేముందు ఇంట్లో అలమర ఓసారి చూసుకోవాలి. పక్షుల మీద కాస్త ఇష్టమున్నవాళ్ల ఇంట్లో సాలిం అలీ ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ దాదాపుగా ఉంటుంది. 1941లో మొదటిసారి వచ్చిన పుస్తకమది. దానికి పదేళ్ల ముందు, 1931లో, ఆయన నిజాం సంస్థానంలో పక్షుల సర్వే కోసం మన ఊళ్లూ అడవులూ తిరిగారు. ఆ రకంగా మనవాళ్లకు దగ్గరి పుస్తకమే. కానీ శ్రీలంకకు అది చాలదు. అక్కడ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షులు ముప్పైకి పైగా ఉన్నాయి.

అదే మీ దగ్గర గ్రిమెట్, ఇన్‌స్కిప్ దంపతులు కలిసి రాసిన ‘బర్డ్స్ ఆఫ్ ది ఇండియన్ సబ్‌కాంటినెంట్’ ఉందనుకోండి, శ్రీలంకకే కాదు, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మాల్దీవులకు కూడా మరో పక్షుల పుస్తకం అక్కర్లేదు. అన్నీ అందులోనే ఉన్నాయి. ఈ సంగతి తెలియక ప్రతి ప్రయాణానికీ ఒక పుస్తకం కొనేవాళ్లున్నారు. పామెలా రాస్ముసెన్, జాన్ ఆండర్టన్‌ల ‘బర్డ్స్ ఆఫ్ సౌత్ ఆసియా’ అంతకన్నా లోతైనది. కాకపోతే రెండు సంపుటాలు. బొమ్మల సంపుటం పెట్టెలో పెట్టుకున్నా, రెండోది ఇంట్లో ఉంచి తిరిగొచ్చాక తీరిగ్గా చదువుకోవడమే మంచిది.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముడి దగ్గరకో, అన్న దగ్గరకో వెళుతుంటే మాత్రం ఇవేవీ కాదు. దుబాయ్ నగరం నడిబొడ్డున రాస్ అల్ ఖోర్‌లో రాజహంసల్ని చూడాలంటే మధ్యప్రాచ్యం పుస్తకం కావాలి. పోర్టర్, ఆస్పినాల్ రాసింది చేతిలో ఇమిడిపోతుంది. థాయ్‌లాండ్‌కి బూన్‌సోంగ్ లేఖాగుల్, ఫిలిప్ రౌండ్ 1991లో తెచ్చిన పుస్తకం పేరుపొందింది. క్రెయిగ్ రాబ్సన్ పుస్తకం దానికన్నా కొత్తది.

అట్ట కాదు, దాని వెనక పేజీ

మన మ్యాపుల పెద్దాయన ఇప్పుడు ఏ గైడ్ తీసుకున్నా ముందు చూసేది ముద్రణ సంవత్సరం. అది అట్ట మీద ఉండదు. రెండో మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘పునర్ముద్రణ’ వేరు, ‘కొత్త ఎడిషన్’ వేరు. పునర్ముద్రణంటే పాత సరుకునే మళ్లీ అచ్చేయడం. దాని పక్కన ఎంత తాజా తేదీ ఉన్నా మురిసిపోనక్కర్లేదు.

సంవత్సరం అంత ముఖ్యమా అంటే, ఒక గుడ్లగూబ కథ చెప్పుకోవాలి. శ్రీలంక పక్షుల నిపుణుడు దీపాల్ వరకగొడ తడి అడవిలో రాత్రిపూట తెలియని కూత ఒకటి విన్నాడు. దాని వెంటపడి 2001లో ఆ పిట్టను కళ్లతో చూశాడు. చిన్న ఎర్రటి గుడ్లగూబ. 2004లో అది ప్రపంచానికే కొత్త జాతి అని ప్రకటించారు. సెరెండిబ్ స్కాప్స్ ఔల్ అని పేరు. ఇప్పుడు సింహరాజ అడవికి వెళ్లే ప్రతి పక్షి ప్రేమికుడూ ముందు అడిగేది దాన్నే. కానీ హారిసన్, వర్‌ఫోక్‌ల 1999 నాటి శ్రీలంక పక్షుల గైడ్‌లో అది లేదు. ఉండదు కూడా, అప్పటికి అదెవరికీ తెలియదు కదా. 1998 నాటి గ్రిమెట్ పుస్తకంలోనూ అంతే.

మనకూ అలాంటి కథ ఒకటుంది. కడప జిల్లా కలివికోడి. 1900 తర్వాత ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిపోయిందనే పుస్తకాలు అనుకున్నాయి. 1986 జనవరిలో ఐతన్న అనే వేటగాడి చేతికి అది చిక్కాక, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చాక, ఆ మాట కొట్టేయాల్సి వచ్చింది. అంతకుముందు అచ్చయిన పుస్తకం చదివి మనదేశం వచ్చిన విదేశీయుడు లంకమల వైపు కన్నెత్తి చూసి ఉండడు.

పక్షులే కాదు, అడవులూ మారతాయి. శ్రీలంకలో చిరుతలకు పేరున్న విల్పత్తు పార్కు అంతర్యుద్ధం వల్ల ఏళ్లతరబడి మూతపడింది. 2010లో మళ్లీ తెరిచారు. మధ్యకాలపు పుస్తకం నమ్ముకుంటే దాన్ని లిస్టులోంచే తీసేస్తారు.

ఇక నిబంధనలంటారా, వాటికి పుస్తకాన్ని అసలు నమ్మకూడదు. కెన్యా వెళ్లి తిరిగొచ్చేవాళ్లు మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపించాలి. ఆ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మన దగ్గర నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పాత గైడ్లలో ఆ కార్డు పదేళ్లే చెల్లుతుందని ఉంటుంది. 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జీవితకాలానికి మార్చింది. కెన్యా వీసా పద్ధతి కూడా 2024 జనవరిలో మారిపోయింది. ఇప్పుడు ముందే ఆన్‌లైన్లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ఇలాంటివి వెళ్లే నెలలో అధికారిక వెబ్‌సైట్లో చూసుకోవాల్సిందే.

అలాగని పాత పుస్తకాలన్నీ చెత్తబుట్టకు కాదు. జి.ఎం.హెన్రీ 1955లో సిలోన్ పక్షుల గురించి రాసిన పుస్తకంలో వాటి నడవడి గురించి చెప్పిన మాటలు ఇప్పటికీ బాగుంటాయి. రిచర్డ్ ఎస్టెస్ ‘ది సఫారీ కంపానియన్’ 1993 నాటిది. జింక తోక ఎందుకు ఆడిస్తోందో, సింహాలు ఒకదాని తల ఒకటి ఎందుకు రుద్దుకుంటున్నాయో అందులో ఉంటుంది. సింహం తన అలవాట్లు ముప్పై ఏళ్లలో మార్చుకోదుగా! ఆబిడ్స్‌లో ఇలాంటివి కనిపిస్తే వదలొద్దు. హోటళ్లూ ధరలూ ఉన్న పాత గైడ్లను మాత్రం అక్కడే ఉంచేయండి.

గోరింకతో పరీక్ష

చూడని దేశం, తెలియని పక్షులు. ఆ పుస్తకం మంచిదో కాదో షాపులో నిలబడి తేల్చడమెలా? దీనికో తేలిక మార్గముంది. మనకు బాగా తెలిసిన పిట్టను అందులో వెతకడం.

ఆస్ట్రేలియా పుస్తకమైతే గోరింక పేజీ తీయండి. 1860ల్లో పురుగుల్ని తింటుందని మెల్‌బోర్న్‌కు తీసుకెళ్లారు. ఇప్పుడు అక్కడివాళ్లకు తలనొప్పిగా మారింది. అమెరికా పుస్తకమైతే పిచ్చుక. 1850ల్లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో వదిలితే దేశమంతా పాకిపోయింది. కెన్యా పుస్తకమైతే మన ఊరకాకి. మొంబాసా రేవులో దానిదే రాజ్యం. రోజూ పెరట్లో చూసే గోరింక బొమ్మలో కంటి చుట్టూ పసుపు చర్మం, ఎగిరేటప్పుడు రెక్కలో తెల్లమచ్చ సరిగ్గా ఉన్నాయా? మగ, ఆడ పిచ్చుకల తేడా ఒక్క చూపులో తెలుస్తోందా? తెలిసిన పిట్టనే గుర్తుపట్టలేని బొమ్మలుంటే, తెలియనివాటి సంగతి చెప్పక్కర్లేదు.

బొమ్మలా ఫొటోలా అన్నది మరో పేచీ. చాలామందికి ఫొటోలంటేనే నమ్మకం. నిజానికి పక్షుల్ని గుర్తుపట్టడానికి గీసిన బొమ్మలే మేలు. ఫొటోలో ఎండ పడితే ఓ రంగు, నీడలో ఓ రంగు. ఒకటి పక్కకు తిరిగి, ఇంకొకటి ఎదురుగా. చిత్రకారుడైతే ఒకేలా ఉండే పది పిట్టల్ని ఒకే భంగిమలో వరసగా నిలబెడతాడు. 1934లో రోజర్ టోరీ పీటర్సన్ అమెరికాలో చేసింది ఇదే. పైగా, తేడా ఎక్కడుందో అక్కడికి చిన్న గీత గీసి చూపించాడు. తోక చివర తెలుపు... గీత. కంటి మీద పట్టీ... గీత. తుపాకీతో కొట్టి చేతిలో పట్టుకు చూడాల్సిన పని లేకుండా, బైనాక్యులర్‌తో దూరం నుంచే పేరు చెప్పడం మామూలు జనానికి అలవాటు చేసిన పుస్తకం అది.

ఇంకొక్కటి చూడాలి. పక్షి తిరిగే ప్రాంతాన్ని చూపే చిన్న మ్యాపు బొమ్మకు ఎదురుగానే ఉందా, లేక పుస్తకం చివర ఎక్కడో ఉందా? చివర ఉంటే, అడవిలో జీపు ఊగుతుండగా పేజీలు తిప్పుకునేలోపు పిట్ట ఎగిరిపోతుంది. మ్యాపులు గీసిన పెద్దాయన దీన్నొక్కదాన్నీ క్షమించరు!

ముందు ఇంటిపేరు

పుస్తకాలు రెండుంటే పేర్లతో చిక్కొస్తుంది. మూసీ ఒడ్డున తూటికాడల మధ్య తిరిగే ఊదారంగు నీటికోడి ఒక పుస్తకంలో పర్పుల్ మూర్‌హెన్, తర్వాతి దాంట్లో పర్పుల్ స్వాంప్‌హెన్, కొత్తదాంట్లో గ్రే హెడెడ్ స్వాంప్‌హెన్. మూడు పిట్టలు కావు, ఒకటే. ఇలాంటప్పుడు దిక్కు శాస్త్రీయ నామమే. అదీ అప్పుడప్పుడు మారుతుంది కానీ, ఇంగ్లిషు పేరంత చపలం కాదు.

ఆ లాటిన్ పేర్లంటే భయపడతారు గానీ, తెలుగువాళ్లకు అంత సులువైన పద్ధతి ఇంకొకటి లేదు. మనలాగే వాటికీ ఇంటిపేరు ముందు, పేరు వెనక! దసరానాడు చూడాలని ఊరంతా వెతికే పాలపిట్ట, అదే మన తెలంగాణ రాష్ట్ర పక్షి, కొరేసియస్ బెంగాలెన్సిస్. కెన్యాలో మసాయి మారా వెళితే చెట్టు చివర, నీలమూ గులాబీ కలిసిన రంగులతో మెరుస్తూ ఒక పిట్ట కూర్చునుంటుంది. పుస్తకంలో చూస్తే కొరేసియస్ కాడేటస్. ఇంటిపేరు ఒకటే. అంటే మన పాలపిట్టకు దాయాది. ఇంటిపేరు పట్టుకుంటే చాలు, ఆరేడు వందల పేజీల పుస్తకంలో వెతకాల్సింది రెండు పేజీలకు తగ్గుతుంది.

ఇంటిపేర్ల ముచ్చటొచ్చింది కాబట్టి ఇదొకటి. థాయ్‌లాండ్, మలేసియా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా... వీటిలో ఏ పక్షుల పుస్తకం తెరిచినా ‘పిట్టా’ అని ఒక కుటుంబం ఉంటుంది. నేల మీద ఆకుల్లో గెంతుతూ తిరిగే రంగురంగుల తోకపొట్టి పక్షులు. ఆ మాట మన ‘పిట్ట’. తెలుగు మాటనే ఫ్రెంచి శాస్త్రవేత్త వియో 1816లో ఆ పక్షులకు ఇంటిపేరుగా ఖాయం చేశాడు. మనం పొన్నంకి పిట్ట అనేదీ ఆ కుటుంబమే. చలికాలంలో అది శ్రీలంక దాకా పోతుంది. ఆగస్టులో మాత్రం ఇంకా మధ్యభారతంలోనో, హిమాలయాల దిగువనో గూళ్ల దగ్గరే ఉంటుంది. బోడుప్పల్ పెద్దాయన ఆ పేజీలో నెల చూసి, పెన్సిల్‌తో కొట్టేశారు.

అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు

మన కాలనీల్లో ఆఫ్రికా వెళ్లేవాళ్లు ఇంటికొకరు ఉండరు కానీ, అమెరికా వెళ్లి ఆర్నెల్లుండి వచ్చే తల్లిదండ్రులు వీధికి నలుగురుంటారు. వెళ్లే నెల వాళ్ల చేతిలో ఉండదు. కోడలి పురుడు ఎప్పుడైతే అప్పుడు! పగలంతా కొడుకూ కోడలూ ఆఫీసుల్లో, వీళ్లేమో కిటికీ దగ్గర. నిజానికి పక్షుల పుస్తకం అత్యవసరమైంది వీళ్లకే.

ఇక్కడ చేసే పొరపాటు దేశమంతటికీ కలిపి ఉన్న లావు పుస్తకం కొనడం. డేవిడ్ సిబ్లీ 2000లో తెచ్చిన గైడ్ గొప్పదే, కానీ బరువు. ఆయనే 2003లో దాన్ని తూర్పు, పడమర అని రెండు చిన్న పుస్తకాలుగా చేశాడు. కొడుకు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటే తూర్పుది, కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉంటే పడమరది. అసలు కొనకపోయినా ఫర్వాలేదు. అక్కడి ప్రతి ఊళ్లోనూ పబ్లిక్ లైబ్రరీ ఉంటుంది, కొడుకు కార్డు మీద ఇంటికి తెచ్చుకోవచ్చు. రెండు మూడు తెచ్చి వారం రోజులు వాడి చూసి, కంటికి నప్పింది తర్వాత కొనుక్కుంటే చాలు.

ఫ్రీమాంట్‌లోనే సముద్రపు పాయ ఒడ్డున డాన్ ఎడ్వర్డ్స్ వన్యప్రాణి కేంద్రం ఉంది. మనవడిని తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని నడవొచ్చు. డిసెంబరు నుంచి మార్చి మధ్య ఉంటే ఆన్యో న్యూవో తీరంలో ఏనుగు సీళ్ల కోట్లాటలు చూడొచ్చు. దానికి ముందే బుక్ చేసుకోవాలి. హ్యూస్టన్‌లో ఏప్రిల్‌లో ఉంటే హై ఐలాండ్. మెక్సికో సింధుశాఖను ఒక్క దమ్ములో దాటొచ్చిన చిట్టి పిట్టలు అలసిపోయి అక్కడి చెట్ల మీద వాలతాయి. న్యూజెర్సీలో సెప్టెంబరు, అక్టోబరైతే డేగలు బారులుగా వెళ్లే కేప్ మే. వీటన్నిటికీ అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ రాష్ట్రాలవారీగా, ప్రాంతాలవారీగా దారి చూపే పుస్తకాలు వేసింది. వాటిలో ఫలానా మలుపు దగ్గర ఆగి ఎడమ చేతివైపు చెట్టు చూడండి అన్నంత వివరం ఉంటుంది.

ఫోన్ ఉండగా పుస్తకమెందుకు?

పిల్లలు తప్పక అడిగే ప్రశ్న. సగం నిజమే. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం. కూత వినిపిస్తే పేరు చెప్పే సదుపాయం 2021లో వచ్చింది. వెళ్లే దేశం పక్షుల ప్యాక్‌ను ఇంట్లో వైఫై ఉండగానే దించుకుంటే అడవిలో సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. అదే సంస్థ ఈబర్డ్‌లో ఏ చెరువు దగ్గర ఏ నెలలో ఏ పక్షి ఎంత తరచుగా కనిపించిందో గీతల పట్టీల్లో చూపిస్తారు. నెల సంగతి తేల్చుకోవడానికి ఏ పుస్తకమూ దాని దరిదాపుల్లోకి రాదు. టికెట్లు కొనకముందే ఆ పట్టీలు చూసుకోవాలి.

కానీ ఫోన్ అడిగినదానికే జవాబిస్తుంది. ఏమడగాలో తెలియాలంటే ముందుగా పుస్తకం తిరగేసి ఉండాలి. రెణ్నెల్ల ముందు కొని, రాత్రి భోజనాలయ్యాక రోజూ నాలుగు పేజీలు చూసిన పుస్తకమే అడవిలో అక్కరకొస్తుంది. విమానంలో మొదటిసారి తెరిచింది కాదు. బోడుప్పల్ దంపతులు అలాగే చేశారు. పొద్దున నల్లచెరువు దగ్గర కొంగల్లో పెద్దదీ, నడిమిదీ, చిన్నదీ తేడా పట్టడం నేర్చుకున్నారు. ఆ మూడూ శ్రీలంక చెరువుల్లోనూ ఉంటాయి. అక్కడ వాటి దగ్గర సమయం పోగొట్టుకోకుండా కొత్తవాటి మీద చూపు నిలపొచ్చని లెక్క.

ప్రయాణానికి వారం ముందు కూతురు హబరణలో బస చేసే ఇంటివాళ్లకు ఫోన్ చేసింది. ‘‘ఈసారి మిన్నేరియాలో నీళ్లు తగ్గలేదు, గడ్డి రాలేదు. ఏనుగులు కౌడుల్లకు పోతున్నాయి’’ అన్నారు వాళ్లు. ఎగువన మొరగహకంద జలాశయం కట్టాక కొన్నేళ్లుగా ఇలా జరుగుతోంది. చెరువు నిండుగా ఉంటే రైతుకు మంచిదే, ఏనుగుకు మాత్రం మేత నీళ్లపాలు. కౌడుల్ల పక్కనే. పుస్తకంలో మిన్నేరియా గడి పక్కన ఆయన పెన్సిల్‌తో ‘కౌడుల్ల, ఫోన్ చేసి అడగాలి’ అని రాసి, కింద తేదీ వేశారు.

ఏనుగులు కనిపించాయి. ఆవిడ తొంభై దాకా లెక్కపెట్టి, పిల్ల ఏనుగులు తల్లుల కాళ్ల మధ్య దూరిపోతుంటే లెక్క తప్పి వదిలేసింది. తూర్పు తీరంలో ట్రింకోమలీ దగ్గర సముద్రం నెమ్మదిగానే ఉంది, బోటెక్కారు. డాల్ఫిన్లు వచ్చాయి. తిమింగలం రాలేదు. పుస్తకం కూడా ‘అవకాశం ఉంది’ అనే చెప్పింది, ‘ఖాయం’ అనలేదు.

అరువు తెచ్చుకున్న పుస్తకాన్ని ఆయన స్నేహితుడికి తిరిగిచ్చేశారు, తన పెన్సిల్ రాతలతో సహా. ఇప్పుడు ఇంట్లో బల్ల మీద మరోటుంది. పడమటి అమెరికా పక్షులు. వచ్చే ఏడాది కొడుకు దగ్గరకు వెళ్లాలట. మొన్న దసరానాడు ఆవిడ దాన్ని తిరగేస్తూ, ‘‘ఏమండీ, అక్కడ పాలపిట్ట ఏ పేజీలో ఉంటుంది?’’ అనడిగింది. ఆయన అకారాది పట్టికంతా వెతికారు. ఆ ఇంటిపేరు వాళ్లు ఆ ఖండంలోనే లేరు.

‘‘పిచ్చుక ఉంది, చూస్తావా?’’ అన్నారు పేజీ తీసి.